గేరు పిడి

"బ్రేకులు సరే. పెడళ్లు సరే. అన్నీ 1958 నాటివే" అంటూ హైదరాబాదు నుంచి వచ్చిన రఘోత్తమరావు, ఆ ఫ్రెంచి రేసు సైకిల్‌ను పుస్తకంలోని బొమ్మలతో పోల్చి చూస్తున్నాడు. ఒక్క సామాను తేడా ఉన్నా కొననని ముందే చెప్పాడు. అది అమ్ముడుపోతేనే ఎల్లారెడ్డిలో ముత్తయ్య సైకిల్ షాపుకు కొత్త రేకులు పడతాయి.

గేరు మార్చే పిడి దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"అబ్బ! ఏం పనితనం! ఇది ఫ్రెంచోళ్లకే చెల్లింది. మనోళ్లతోని వందేండ్లయినా కాదు."

ముత్తయ్య పెదవులు కదలడం చూసి, భార్య గౌరవ్వ వద్దు వద్దని కళ్లతోనే సైగ చేసింది.

"అది మా ఇంట్ల కూర కలిపే సత్తు గంటె కాడ, సార్" అన్నాడు ముత్తయ్య. "అసలు పిడి విరిగిపోతే, గా కాడను ఆకురాయితోని అరగదీసి నేనే చేసిన."

రఘోత్తమరావు పుస్తకం మూశాడు. "అయితే నకిలీదన్నమాట" అని కారెక్కి వెళ్లిపోయాడు.

గౌరవ్వ నెత్తి కొట్టుకుంది. "జెర నోరు మూసుకుంటే అమ్ముడుపోతుండె గద!"

"ఎట్ల మూసుకుంటనే? నలభై ఏండ్ల సంది చేస్తున్న ఈ పని. నా పని చూసి 'అబ్బ' అన్నది గాయనొక్కడే."