ఎండపెట్టె మీద నీడ

"ఆ చీర తియ్యి దాలమ్మా! నా పప్పు మీద నీడ పడతంది!"

"తియ్యను. ఎండేటి, మీ అయ్య జాగీరా?"

వర్క్‌షాపు సైరను అప్పుడే మోగింది. పొద్దుటి డ్యూటీ దిగి సైకిళ్ల మీద వస్తున్న మగవాళ్లంతా సందు మొదట్లోనే ఆగిపోయారు. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మొదటి లైను రత్నకుమారీ, ఎదురుగా రెండో లైను దాలమ్మా అరుచుకోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు మరి. ఇరవై ఏళ్లుగా 'వదినా' తప్ప మరో పిలుపెరగని రత్నకుమారి, పేరు పెట్టి పిలిచేసింది! ఆమె కూతురు గ్రేస్ పుట్టినప్పుడు బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకున్నది రైల్వే ఆసుపత్రి ఆయా దాలమ్మే. ఆ పిల్ల నోట తొలిమాట 'అత్త' అని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంది.

గొడవంతా సందులో పెట్టిన ఎండపెట్టె గురించి. పాత రేకుట్రంకుకు లోపల నల్లరంగు వేసి, మూతకు అద్దం బిగించి, పాలిటెక్నిక్ ఆఖరి ఏడాది చదువుతున్న గ్రేస్ చేసిన సోలార్ కుక్కర్ అది. పొద్దున్నే గిన్నె పెడితే భోజనాల వేళకు పప్పు ఉడికిపోతుంది. ఆ పెట్టె పుణ్యమా అని గ్రేస్‌కు బ్యాంకాక్‌లో మూడు వారాల సౌరశక్తి శిక్షణకు పిలుపు వచ్చింది.

తిండీ, బసా వాళ్లవే. విమానం చార్జీలు మాత్రం మనం పెట్టుకోవాలి. పైగా విద్యార్థి వెంట కాలేజీ స్టాఫు ఒకరు రావాలని షరతు. ల్యాబ్ మేడం విజయకుమారి సిద్ధంగానే ఉంది. రెండు టిక్కెట్లూ దొరికితే ఇద్దరూ ఎగురుతారు, ఒక్కటే దొరికితే ఇద్దరూ ఇంట్లోనే. కాలేజీ చేతులెత్తేసింది. చర్చి కమిటీ మాత్రం ఈ ఏడు కోతపండుగలో జనం తెచ్చిన కానుకల వేలం డబ్బంతా వాళ్లకే అంది.

ఆ కబురు విన్న సాయంత్రం రత్నకుమారి భర్త సుందరరావు నిట్టూర్చాడు.

"కిందటేడు వేలం డబ్బులు మైకు రిపేరుకే చాల్లేదు. మనోళ్లు దానమంటే జేబులో చెయ్యి పెట్టరే. పోటీ వస్తే మాత్రం చేతి గడియారం కూడా తీసిచ్చేస్తారు."

రత్నకుమారి పంచదార అడిగొస్తానని దాలమ్మ ఇంటికి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చింది. మర్నాడే ఈ రభస. ఆ పంచదార దగ్గరే ఏదో మాట పడి ఉంటుందనుకున్నాడు సుందరరావు.

ఇక రోజూ అదే తంతు. సైరను మోగగానే దాలమ్మ తడిచీర తెచ్చి ఆరేసేది, రత్నకుమారి కొంగు బిగించేది. చూస్తుండగానే కాలనీ రెండుగా చీలిపోయింది. కుళాయి దగ్గర ఈ లైను బిందె పక్కన ఆ లైను బిందె పెట్టడం మానేశారు.

"పోనీ నేను వెళ్లి దాలమ్మక్కతో మాట్లాడనా?" అన్నాడు సుందరరావు, మెత్తగా ఉడికిన పప్పు కలుపుకుంటూ.

"వెళ్తే నీకు కూడు పెట్టను."

గ్రేస్ ఏడ్చేసింది. "అంతా నా పెట్టె వల్లేనమ్మా. అత్త నా మొహం కూడా చూడటంలేదు. నాకు బ్యాంకాకూ వద్దు, ఏమీ వద్దు."

రత్నకుమారి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. కూతురి తల నిమిరి, "చుప్. పండగవనీ" అంది.

పండుగ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో సంఘపెద్ద దానియేలు వేలం మొదలుపెట్టాడు. గుడ్లూ, సొరకాయలూ, కోడిపుంజూ కారుచవగ్గా పోయాయి. విజయకుమారి మొహం వాడిపోయింది. ఆఖరుకు రత్నకుమారి కానుక పైకెత్తాడు.

"ఎండపెట్టెలో వండిన పరమాన్నం! పాడండి!"

"యాభై!" అంది దాలమ్మ. "కొనుక్కెళ్లి మా కోళ్లకేస్తాను."

గ్రేస్ తల దించుకుంది. మొదటి లైను డేవిడ్ ఒక్క ఉదుటున లేచాడు.

"మా లైను పిల్ల చేసిన పెట్టె వంట కోళ్లకా? వంద!"

"దాలమ్మని ఒంటరిదనుకున్నారేటి? మూడొందలు!" అని రెండో లైను గర్జించింది.

అంతే. చందాలకు అటు తువ్వాలు పరిచారు, ఇటు టోపీ తిప్పారు. పాట వందలు దాటి వేలల్లో పడింది. పాస్టరుగారు శాంతి శాంతి అంటే విన్నవాడు లేడు. చివరికి రెండో లైనే గెలిచింది. ఒక టిక్కెట్టు డబ్బు బల్ల మీద పడింది.

దాలమ్మ గిన్నె అందుకుని మొదటి లైను వైపు చూసి నవ్వింది.

"వీళ్లేటి, ఇంతలోనే చల్లబడిపోనారు? ఇలా గెలిస్తే మజా లేదు. ఇదిగో, మళ్లీ దేవుడికే ఇచ్చేస్తన్నాను. మళ్లీ పాడుకోండి, దమ్ముంటే!"

కొన్న వస్తువును తిరిగి కానుకగా ఇవ్వడం ఆ వేలంలో ఆనవాయితీయే. మొదటి లైను ఊగిపోయింది. డేవిడ్ నిజంగానే గడియారం విప్పి బల్ల మీద కొట్టాడు. దానియేలు గొంతు బొంగురుపోయేదాకా పాట సాగి, గిన్నె మొదటి లైనుకు దక్కింది.

రెండో టిక్కెట్టూ వచ్చేసింది. గ్రేస్ విజయకుమారిని వాటేసుకుని ఏడ్చింది. రెండు లైన్లూ గెలుపు తమదేనని చెప్పుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇళ్లకు వెళ్లాయి.

మధ్యాహ్నం విందు తిని కాలనీ అంతా కునుకు తీస్తోంది. రత్నకుమారి తమ లైను గెలుచుకున్న పరమాన్నం గిన్నె కొంగు చాటున పెట్టుకుని బయల్దేరింది. మళ్లీ ఏం రభస తెస్తుందోనని వెనకే నడిచాడు సుందరరావు. ఆమె రెండో లైను వెనక్కి తిరిగి, దాలమ్మ పెరటి తలుపు ముందు ఆగింది. కొట్టకముందే తలుపు తెరుచుకుంది. రత్నకుమారి గిన్నె ముందుకు చాపింది.

"వదినా, ఇంక మాటాడుకోవచ్చా?"