మసక అద్దం

"ఆ అద్దం రుద్దకండి బాబాయ్" అంటూ రత్నమాల పరుగున వచ్చి సత్తియ్య మణికట్టు పట్టుకుంది.

అమలాపురంలో కార్లు బాగుచేసే షెడ్డు సత్తియ్యది. యుద్ధానికి ముందు కొన్న నల్లకారు ముందద్దానికి, మెరుగుపెట్టే ఎర్రపొడి తడిగుడ్డతో పట్టించి అప్పుడే రుద్దడం మొదలుపెట్టాడు. ఉప్పుగాలికీ, ఏళ్ల తరబడి ఆరిన నీటిమరకలకీ ఆ అద్దం పాలు పూసినట్టు తెల్లబడిపోయింది. డ్రైవరు కూర్చునే వైపు అరచేతి మేర మాత్రం తేటపడింది.

రత్నమాల ఆ కారు డ్రైవరు దొరబాబు భార్య. ఏడుస్తూనే సంగతి చెప్పింది. నిన్న పొద్దుగూకే వేళ కాలవగట్టు మీద, వంతెన దాటాక కారు గుద్ది, మామిడికుదురుకి చెందిన జగ్గయ్య అనే మనిషి చనిపోయాడు. దొరబాబుని పోలీసులు పట్టుకెళ్లారు. ఎండ ఎదురుకొట్టి, మసక అద్దంలోంచి మనిషున్నట్టే తెలియలేదని అతను మొత్తుకుంటున్నాడు. కాసేపట్లో ఇనస్పెక్టరు వచ్చి కారు చూస్తాడట.

కారు యజమాని ఉమామహేశ్వరరావుగారు పొద్దున్నే కారు పంపించి, అద్దం కొత్తదానిలా మెరవాలన్నారు. మడ్‌గార్డు సొట్ట ఏమిటని అడిగితే, కొబ్బరిచెట్టుకి తగిలిందన్నారు.

"పాడైపోయిన అద్దంతో తిప్పించినందుకు కేసు ఉమామహేశ్వరరావుగారి మీదకొస్తుంది. అదే అద్దం మెరిసిందనుకోండి, మా ఆయన జైలుకే" అంది రత్నమాల.

షెడ్డు ఉన్న జాగా ఉమామహేశ్వరరావుగారిదే. సత్తియ్య తేటపడ్డ చోటు వంక చూశాడు. పోయిన మసకని మళ్లీ తేవడం ఎవరి తరం? కాస్త దుమ్ము తీసి పూశాడు. చూడగానే తెలిసిపోయేలా ఉంది. కంగారుగా తుడిచేశాడు.

అంతలో జీపు వచ్చి ఆగింది. ఇనస్పెక్టరు, ఉమామహేశ్వరరావుగారు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య సంకెళ్లతో దొరబాబు దిగారు.

ఇనస్పెక్టరు నేరుగా వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తేటపడ్డ చోటు సరిగ్గా అతని కళ్లకి ఎదురుగా ఉంది. ఇక్కణ్ణించి బాగానే కనిపిస్తోందే అన్నాడు. మిగతాదంతా ఉత్త దుమ్మేనని ఉమామహేశ్వరరావుగారు అందుకున్నారు. దొరబాబు తల వంచుకున్నాడు. రత్నమాల నోట్లో కొంగు కుక్కుకుంది.

ఉమామహేశ్వరరావుగారు సత్తియ్య వైపు ఒక చూపు చూశారు. సత్తియ్య చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు.

"ఆ ముక్క ఇప్పుడు నేను రుద్దిందండి. అయ్యగారు రుద్దమన్నారండి. అంతకు ముందు అదీ మిగతా అద్దంలాగే ఉందండి, ఆయ్" అన్నాడు.

ఇనస్పెక్టరు కారుని షెడ్డు బయటికి తోయించి, ఎండకి ఎదురుగా నిలబెట్టించాడు. రెండో సీట్లోకి జరిగి చూశాడు. అద్దమంతా సున్నం కొట్టిన గోడలా వెలిగింది. ముందు నిలబడ్డ కానిస్టేబులు అతనికి కనబడనేలేదు. కిందకి దిగి, దొరబాబు సంకెళ్లు తీయమన్నాడు. స్టేషనుకి రమ్మని ఉమామహేశ్వరరావుగారికి చెప్పాడు.

జీపు ఎక్కేముందు ఉమామహేశ్వరరావుగారు సత్తియ్య దగ్గరగా వచ్చి, సాయంత్రానికల్లా షెడ్డు ఖాళీ చెయ్యమని మెల్లగా చెప్పి వెళ్లారు.

రత్నమాల సత్తియ్య కాళ్లకి దణ్ణం పెట్టి, గూడుబండి పిలవడానికి రోడ్డు మీదకి వెళ్లింది. సత్తియ్య సామాను సర్దుకోసాగాడు. పొట్టకూడు పోయినా గుండె మాత్రం తేలిగ్గా ఉంది. మణికట్లు రుద్దుకుంటూ దొరబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. సత్తియ్య అతని భుజం తట్టాడు.

"బెంగెట్టుకోకురా. కనపడక జరిగిందానికి నువ్వేం చేస్తావు?"

దొరబాబు రోడ్డు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఎండ నా వెనకాల ఉంది బాబాయ్. జగ్గయ్యని వంతెన కాణ్ణించే గుర్తుపట్టేను."