ఆదివారం లీగ్‌లో ఆఖరి బంతి

“డెర్బీ బేస్‌బాల్ టీము క్యాచర్ పేరు కూడా యాదుందా ఆంటీ మీకు?” అపూర్వ కళ్లు పెద్దవి చేసింది.

“ఎందుకుండదమ్మా! తోమాష్. పోలండ్ కుర్రాడు. గోదాములో నైట్ షిఫ్ట్ చేసి, నిద్రకళ్లతోనే ఆటకొచ్చేవాడు. నా కోడి పలావు మారు వడ్డించుకుని, కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ తినేవాడు,” అంది ప్రేమలీల.

అపూర్వ వరంగల్ పిల్ల. లీసెస్టర్ యూనివర్సిటీలో చదువుతూ, ఈ ఊళ్లో మనవాళ్లు మొదలుపెట్టి నిలుపుకోలేకపోయిన వాటి చరిత్ర రాస్తోంది. చర్చి అయ్యాక ప్రేమలీల ఆ పిల్లను ఇంటికి లాక్కొచ్చి, ముందు భోజనం, తర్వాతే ఫోనులో రికార్డింగు అంది. అన్నం వడ్డిస్తుండగా, ప్రతి ఆదివారంలాగే చక్రి వెనక తలుపు తీసుకుని వచ్చాడు. అల్మరాలోంచి తన కంచం తనే తీసుకుని, తలవంచుకుని కూర్చున్నాడు.

ప్రేమలీల మాట్లాడ్డానికి ఒప్పుకున్నది ఒకే ఒక్క ఆశతో. తన కొడుకు ఫ్రెడీ పెట్టిన బేస్‌బాల్ లీగ్‌ని లోకం ఒక చావు కబురుగా కాదు, ఒక ఆటగా తలుచుకోవాలి.

“అసలు క్రికెట్ వదిలి ఈ ఆటెందుకు ఆంటీ?”

“క్రికెట్ క్లబ్బుల వాళ్లు తమ పచ్చిక మీద స్టూడెంట్లని అడుగు పెట్టనిస్తేగా! నగర కౌన్సిల్ వాళ్ల గడ్డినేల ఒకటి ఊరికే పడి ఉంది. ‘బేస్‌బాల్‌కి పిచ్ అక్కర్లేదు మమ్మీ’ అన్నాడు మావాడు. రెండువేల తొమ్మిది వేసవిలో మొదలైంది. మనవాళ్లు, డెర్బీ, నాటింగ్‌హామ్, కొవెంట్రీ, నాలుగు టీములు. గ్లవ్స్ చాలేవి కావమ్మా. ఒక టీము బ్యాటింగుకి పోతూ నేల మీద వదిలేస్తే, అవే రెండో టీము తొడుక్కునేది. ఎవడి చెమట ఎవడి చేతికో! ఒకే గ్లవ్స్‌తో కొట్లాటేంట్రా మీకు అని నవ్వేదాన్ని.”

అపూర్వ కూడా నవ్వింది. చక్రి నవ్వలేదు.

“కానీ మనవాళ్లకి క్రికెట్ ఒంట్లోంచి పోలేదు,” ప్రేమలీల గొంతు తగ్గింది. “బంతి నేల మీద పడి లేస్తుందని కళ్లు వాటంతటవే కిందికి పోయేవి. ఇందులో అది పడదుగా, తిన్నగా మీదికే వస్తుంది. ‘కింద చూడకండ్రా, విసిరేవాడి చెయ్యి చూడండి’ అని ఫ్రెడీ అరిచి అరిచి చచ్చేవాడు. అందరికీ చెప్పినవాడు… ఆ రోజు తనే కింద చూశాడు.”

ప్రేమలీల లేచి, వంటింట్లో ఆవిరి తగ్గిన కుక్కరు మూత తీసి చూసి వచ్చింది. చెప్పొద్దూ, ఆ మాట దాటడానికి ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక పని కావాలి.

“మ్యాచ్ కూడా కాదమ్మా. మొదలవక ముందు సరదాగా ఒక బంతి. నెత్తిన హెల్మెట్ లేదు. చెవి కింద తగిలింది.”

మేడ మీద టీవీ శబ్దం ఒక్కసారిగా పెరిగింది.

“అంకుల్ కిందికి రారా?”

“ఆనందకుమార్ గారా? ఆదివారం రారు.”

చక్రి చెయ్యి కంచంలో ఆగిపోయింది. అపూర్వ జాలిగా అతనివైపు చూసింది. “అన్న పోయినంక మీరు కూడా ఆడలేదా?”

“లేదండి. మళ్లీ బంతి ముట్టలేదు.”

“ఆ బాల్ విసిరినోడు ఎవరు ఆంటీ? పోలీసోళ్లు ప్రమాదమే అని తేల్చిండ్రు. పేపరోళ్లు పేరు రాయలె. లీగ్ ఎట్ల ఆగిందో రాయాల్నంటే ఆ పేరు కావాలె కద?”

“గుర్తు లేదమ్మా.”

“తోమాష్ ఏం తిన్నడో యాదుంది గని…”

“వయసు తల్లీ. కొన్ని ఉంటాయి, కొన్ని పోతాయి.”

“కనీసం మీ దగ్గరికొచ్చి మొహం చూపించిండా?”

చక్రి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. “అమ్మా, నేను…”

“నువ్వు కూర్చో! పలావులో కోడికాలు నీకని దాస్తే అలాగే ఉంది. రోజురోజుకీ పుల్లలా తయారవుతున్నావు.” కసురుకుని అపూర్వవైపు తిరిగింది. “రాసుకోమ్మా. గ్లవ్స్ సంగతి రాసుకో. లీగ్‌ని మూయించింది కౌన్సిల్ కాదని రాసుకో. మరుసటి ఆదివారం ఒక్క పిల్లాడూ మైదానానికి రాలేదు, అంతే. నా బిడ్డ నిలబడే చోట ఇంకొకణ్ణి నిలబెట్టడం వాళ్లవల్ల కాలేదు. అది రాసుకో. ఆ పేరు మాత్రం నన్నడక్కు.”

“నోట పలకలేనంత కోపమా ఆంటీ?”

ప్రేమలీల కొంగుతో టేబుల్ మీద లేని మరకను తుడిచింది.

అపూర్వ ఫోను ఆపేసింది. వెళ్తూ గుమ్మంలో ఆమెను గట్టిగా వాటేసుకుంది. “పేరు రాయనులే ఆంటీ. ఫ్రెడీ గురించే రాస్త,” అంది. చక్రితో, “అమ్మను మంచిగ చూస్కోండి,” అని చెప్పింది. తను ఈ ఇంటి కొడుకు కాదని చెప్పకుండా అతను తలూపాడు.

తలుపు మూసి వచ్చేసరికి చక్రి ముందు అన్నం అలాగే ఉంది.

“నన్ను మాట్లాడనివ్వాల్సిందమ్మా.”

“మాట్లాడి ఏం చేస్తావు? ముందు తిను.”

“దిగట్లేదు.”

ప్రేమలీల పక్కన కూర్చుంది. ఆ కంచంలోనే పెరుగు పోసి కలిపింది. చిన్నపిల్లాడికి చేసినట్టు ముద్ద చేసి, అతని నోటికి అందించింది. కళ్లనీళ్లతోనే మింగాడు. ఆమె ఇంకో ముద్ద కలిపింది.

ఫ్రెడీ మీదికి ఆ బంతి విసిరింది చక్రి.