ఫార్మరా, లేటా?

సుభాషిణి మేడం ఆ రోజు రిటైరవుతోంది. సభలో ఇంగ్లీషులో మాట్లాడుతుందట. ఆ కబురు తెలిసినప్పటి నుంచి ఇమ్మానుయేలు సారు లోలోపల మురిసిపోతున్నాడు. ఆమె ఇంగ్లీషులో మాట్లాడుతుందంటే తప్పు మాట్లాడుతుందన్నమాటే.

పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. నిరుడు భార్య రత్నమ్మ పోయినప్పటి నుంచి ఆ పనీ ఆయనదే. కాలర్ దగ్గర ఒక మడత ఎప్పుడూ మొండికేస్తుంది. జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని హన్మకొండ వెళ్లే ఆటో ఎక్కాడు. ఆయన రిటైరై రెండేళ్లయింది గానీ ఆ పెన్ను ఇంకా రిటైరు కాలేదు. పెండ్లి పత్రికలు, దుకాణాల బోర్డులు, చివరికి చర్చి పాంప్లెట్లు కూడా దాని నుంచి తప్పించుకోలేవు.

ఇద్దరూ ఒకే బడిలో ఇంగ్లీషు టీచర్లు. సుభాషిణి బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి. యూనివర్సిటీలో ఫస్టు వచ్చిందన్న పేరుతో బడిలో అడుగుపెట్టింది. ఆ పేరు వినగానే సారు గుండెలో రాయి పడింది. అప్పటి దాకా ఆ బడిలో ఇంగ్లీషంటే ఆయన, ఆయనంటే ఇంగ్లీషు. కానీ ఆమె రాసిన మొదటి నోటీసు చూడగానే రాయి దిగిపోయింది. 'డిస్కస్' పక్కన 'ఎబౌట్' ఉంది. ఎర్ర పెన్ను పండగ చేసుకుంది.

అది మొదలు, ఏది రాసినా ఆమె బోర్డుకు అంటించకముందే ఆయన బల్ల దగ్గరికి తెచ్చేది. ఏదో ఒక తప్పు తప్పకుండా ఉండేది. ఆయన దిద్దేవాడు. ఎందుకు తప్పో గంట కొట్టేదాకా చెప్పేవాడు. ఆమె చెంపకు చెయ్యి ఆనించుకుని వినేది. లేచేటప్పుడు, "మీరు లేకుంటే నా గతేమయ్యేదో సార్," అనేది. పెండ్లి ఊసెత్తితే నవ్వి ఊరుకునేది. పొగరు అనుకున్నారు అందరూ. సారు కూడా అదే అనుకున్నాడు.

ఈ గెలుపులన్నీ ఇంటికెళ్లి రత్నమ్మకు వర్ణించేవాడు. రత్నమ్మకు ఇంగ్లీషులో తన పేరు కూడా రాయరాదు. బడి గడప ఎన్నడూ తొక్కలేదు. అన్నీ విని, మరునాడు టిఫిన్ డబ్బాలో మేడం కోసం రెండు రొట్టెలు ఎక్కువ పెట్టేది. ఒకసారి మాత్రం రొట్టె కాలుస్తూ అడిగింది.

"ఫస్టొచ్చినామెకు దినాం గిన్ని తప్పులెట్ల వస్తయయ్యా?"

"నీకేం ఎరుక," అని కొట్టిపారేశాడు సారు.

నిజానికి సుభాషిణి రాతలో ఆయనకు తప్పు దొరకనిది ఒక్కసారే. రత్నమ్మ పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకు కార్డు ఆమే రాసిచ్చింది. ఎర్ర పెన్ను ఎంత వెతికినా కామా కూడా పక్కకు పోలేదు. ఆ దుఃఖంలో ఆయన అదెందుకని ఆలోచించలేదు.

తన రిటైర్మెంటు నాడు ఆయనా ఇంగ్లీషులోనే మాట్లాడాడు. ఆమెను చూపించి, "మై ఫార్మర్ రైవల్," అన్నాడు. ఒకప్పటి పోటీదారు అని ఆయన ఉద్దేశం. పక్కనున్న తెలుగు సారు ఆమె వైపు వంగి, "మీకు పొలం గూడ ఉన్నదా మేడం?" అని అడిగాడు. సుభాషిణి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు సారుకు ముల్లులా గుచ్చుకుంది. ఆ బాకీ ఇవాళ తీరాలి.

సభ మొదలైంది. శాలువాలు, దండలు అయ్యాక సుభాషిణి మైకు అందుకుంది. సారు ముందు వరసలో చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఒక వాక్యం పోయింది. తప్పు లేదు. ఇంకొకటి పోయింది. అదీ లేదు. నీళ్లు పారినట్టు మాట్లాడుతోంది. సారు జేబులోని ఎర్ర పెన్ను తడుముకున్నాడు. ఈమెకు ఇంత ఇంగ్లీషు వస్తే, ఇన్నేళ్లు తాను గెలిచిందేమిటి? జీవితంలో ఆయన సంపాదించుకున్న బిరుదు అదొక్కటే. అది కూడా పోతుందేమోనని నిజంగానే భయపడ్డాడు.

అప్పుడు ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది. ఈ బడికి వచ్చిన నాటి నుంచి తనకొక పోటీ ఉండేదని, గెలుస్తానని ఒక్కనాడూ ఆశపడలేదని, ఓడినందుకు కోపం కూడా లేదని చెప్పింది. సారు వైపే చూస్తూ, "మై లేట్ రైవల్," అంది.

సారు ప్రాణం లేచి వచ్చింది. మనిషీ లేచి నిలబడ్డాడు.

"జర ఆగుండ్రి మేడం. లేట్ అని పోయినోళ్లకు అంటరు. నేను బతికే ఉన్న గద. ఫార్మర్ అనాలె."

హాలు ఘొల్లుమంది. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు. సుభాషిణి తల వంచుకుని చిన్నగా నవ్వి, అందరికీ కృతజ్ఞతలు చెప్పి దిగిపోయింది.

భోజనాల దగ్గర బగారా అన్నం ప్లేటు పట్టుకుని సారు ఎదురుచూశాడు. దిద్దిన ప్రతిసారీ వినిపించే ఆ మాట ఇవాళ ఇంకా బాకీ ఉంది. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన కాలర్ మీద మడతను కాసేపు చూసింది.

"ఫార్మర్ అన్నది మీరు మంచిగనే చెప్పిన్రు సార్," అంది మెల్లగా. "కని, నేనన్నది మా రత్నమ్మక్కను."