పెద్ద నంబరు మ్యాపు

"పెద్ద నంబరు మ్యాపు కావాలమ్మా" అన్నాడు ముసలాయన, కౌంటరు అంచు పట్టుకుని.

ప్రభుత్వ మ్యాపులు అమ్మే ఆ గదిలో ఆమెను అందరూ కౌంటరమ్మ అనే పిలుస్తారు. ఏ ప్రాంతానిదని అడిగింది.

ఉత్తరపు కొండలదన్నాడు.

ఆమె చేయి ఒక్క క్షణం ఆగింది. ఆ కొండల మాట వింటే ఆమెకు ఎప్పుడూ అంతే.

స్కేళ్ళ సంగతి తెలియనివాళ్ళు చేసే పొరపాటే అతనూ చేస్తున్నాడని ఆమెకు తెలుసు. నంబరంటే నేలను ఎన్ని రెట్లు కుదించారన్న లెక్క, అది పెరిగేకొద్దీ మ్యాపులో అన్నీ చిన్నవైపోతాయి. రెండున్నర లక్షల మ్యాపయితే కొండలన్నీ ఒక్క కాగితంలో ఇమిడిపోతాయి. ఇరవై అయిదు వేల మ్యాపులో కాలిబాట కూడా కనిపిస్తుంది. గోరంతను కొండంత చేసేవాళ్ళు ఊరంతా ఉన్నారు, కొండంతను గోరంత చేసేది మా ఆఫీసే అని ఆమె అందరినీ నవ్విస్తుంది కూడా.

కానీ ఆ రోజు వరుస పొడుగ్గా ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని, అడిగిన పెద్ద నంబరే చేతిలో పెట్టి పంపేసింది.

అదే మ్యాపు ఆమె వెనక గోడమీద కూడా ఉంది. రోజూ దాని ఎదురుగా కూర్చునే క్యారేజీ విప్పుతుంది. ఆమె తండ్రి ఈ ఆఫీసులో సర్వేయరు. ఆమెకు ఊహ తెలియని వయసులో ఆ కొండలు కొలవడానికి వెళ్ళి, జ్వరం వచ్చి అక్కడే పోయాడు. ఎక్కడన్నది ఏ కాగితంలోనూ లేదు. 'కొండల్లో' అని రాశారు, అంతే.

"ఎటువైపో చెప్పవే, కనీసం అటు తిరిగి పడుకుంటాను" అనేది అమ్మ, తను పోయేదాకా.

ఏమని చెబుతుంది? ఇరవై అయిదు వేల స్కేలులో ఆ కొండలు బీరువా నిండా ఉన్నాయి. ఏ షీటు తీయాలో తెలిస్తే కదా. చోటు తెలిసినవాళ్ళకే ఆ మ్యాపులు. తెలియనివాళ్ళకు గోడమీదదే గతి. నాన్న ముఖం ఆమెకు గుర్తు లేదు. ఈ గోధుమరంగు గీతల్లో ఎక్కడో ఉన్నాడనుకుంటూ భోజనం ముగించడమే ఆమెకు మిగిలింది.

మర్నాడు ముసలాయన మళ్ళీ వచ్చాడు. ఒక భుజం కిందికి వంగిపోయి, ఏదో బరువు మోస్తున్నట్టే నడుస్తున్నాడు.

"ఇందులో ఊట లేదమ్మా" అన్నాడు.

"దగ్గరికి వెళ్ళేకొద్దీ నంబరు చిన్నదవుతుంది తాతా. నువ్వేమో దూరంది అడిగావు."

తప్పు కొంత తనది కూడా కాబట్టి మార్చి ఇస్తానంది. అతనికి చదువు రాదు. నోటితో దారి చెబుతుంటే ఆమె వేలితో నడిచింది. పాత వంతెన, రెండు పాయలు కలిసే చోటు, ఎడమ పాయ వెంట పైకి. యాభై వేల మ్యాపులో లోయ దొరికింది. దాన్నిబట్టి బీరువాలోంచి ఇరవై అయిదు వేల షీటు తీసి పరిచింది. కాలిబాట చుక్కల గీతలా సాగి వంపు తిరిగింది. వంపు కింద నీలం గుర్తు, ఊట.

ముసలాయన ఆ గుర్తు పక్కన వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

"ఏముంది తాతా అక్కడ?"

"మనిషి."

వరుసలో ఎవరో నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది.

"ఏ స్కేలులోనూ మనుషులు కనిపించరు తాతా."

"అందుకేనమ్మా, గుర్తు పెట్టాలి. పెన్సిలుందా?"

ఇక్కడ గీతలు గీయకూడదు, బయటికెళ్ళి గీసుకోమంది. పాతకాలపు ఉద్యోగుల సంగతి ఎవరు చూస్తారని అడిగాడు. తల ఎత్తకుండానే మేడమీదికి చేయి చూపించింది.

సాయంత్రం పెన్షన్ సెక్షన్ గుమాస్తా మెట్లు దిగి వచ్చాడు. అతని చేతిలో అదే మ్యాపు ఉంది.

"ఒక ముసలాయన మీ నాన్నగారి పేరు చెప్పి, ఆయనవాళ్ళు ఎక్కడున్నా వెతికి ఇమ్మన్నాడండి. ఫైలు తీసి చూస్తే కూతురంటే మీరే."

మ్యాపు విప్పింది. ఊట పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ఉంది. ఆ షీటును పొద్దున బీరువాలోంచి తీసింది తన చేయే.

"ఆయన ఊరేది?"

"అడగలేదండి. బస్సు టైమైందంటూ వెళ్ళిపోయాడు."

ఆమె బస్టాండుకు పరుగెత్తింది. కొండలకు పోయే బస్సు వెళ్ళిపోయి చాలాసేపయింది.

తిరిగి వచ్చి మ్యాపు పరుచుకుని, అతను వేలు పెట్టిన చోటే వేలు పెట్టింది. అమ్మ ఉంటే ఈ రాత్రి అటు తిరిగి పడుకునేది. అనుకోగానే ఏడుపొచ్చింది.

గుమాస్తా పక్కనే నిలబడి, ముసలాయన తనతో అన్నదంతా మెల్లగా చెప్పాడు. అప్పట్లో నాన్న కొలత పరికరాలు భద్రంగా ఈ ఆఫీసుకు తెచ్చి అప్పజెబితే అవి సరిచూసుకున్నారట గానీ, మనిషి ఎక్కడని ఒక్కరూ అడగలేదట. ఎవరో ఒకరు రాకపోతారా అని ఇన్నేళ్ళూ ఎదురుచూశాడట. ఇప్పుడు కళ్ళు మసకబారుతున్నాయని తనే వచ్చాడట.

రెండు రోజులు తన కౌంటరు ముందు నిలబడినా కూర్చోమన్న మాటకు నోచుకోని ఆ ముసలాయన, జ్వరంతో కాలిపోతున్న నాన్నను భుజాన వేసుకుని వానలో కొండ దిగుతూ, దాహమంటే ఊట దగ్గర ఆగి, ఆఖరి గుక్క తన దోసిలితో తాగించిన కూలి మనిషి.