నూట పన్నెండు బుధవారాలు

ఎన్నికలకు పార్టీ అభ్యర్థుల జాబితా తయారుచేసే సమావేశంలో ఆల్వా లేచి ఒక కాగితం చదివింది.

నాలుగేళ్లలో ఏవర్ట్ పార్లమెంటులో ఓటింగుకు రాని రోజులు నూట పన్నెండు. అన్నీ బుధవారాలే.

ఏవర్ట్ ఆ జిల్లా ఎంపీ. ఒకప్పుడు కలప మిల్లులో కార్మికుడు. అరవై మూడేళ్లుంటాయి. బల్ల చివర కూర్చుని దాల్చినచెక్క బన్ను తుంచుకుంటున్నాడు.

ఆల్వాకి ఇరవై తొమ్మిది. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించి, మందులిచ్చే ఉద్యోగం. తనలాంటి వాళ్లు తమ పార్టీ తరఫున పార్లమెంటులో ఎందుకుండరని ఆమె బాధ. ఆ జిల్లాలో పార్టీకి వచ్చేది ఒక్క సీటు. జాబితాలో మొదటి పేరు ఎవరిదైతే అది వాళ్లకే.

"అవతలి పార్టీని చూడండి. నా పనే చేసిన సాహ్రాని గెలిపించుకున్నారు. జనం ఎలా ఉన్నారో సభ అలా ఉండాలా, వద్దా? మనకేమో ఈయన. ఆ ఉన్న సీట్లోనూ కూర్చోడు."

బుధవారం చేపలు బాగా పడతాయేమో అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

సంజాయిషీ ఏమన్నా ఉంటే చెప్పమని అధ్యక్షురాలు రెండుసార్లు అడిగింది. ఏవర్ట్ బన్ను తినడం పూర్తిచేశాడు. చివరికి ఆల్వా వైపు తిరిగాడు.

"నువ్వెళితే బుధవారాలు వదులుకోగలవా, అమ్మాయ్?"

ఆల్వాకి ఏమీ అర్థం కాలేదు. ఇది బెదిరింపా, వెటకారమా?

"ఒక్క బుధవారం కూడా మానను. కావాలంటే రాసిస్తాను."

"అయితే కష్టమే."

తన కప్పు తనే కడిగిపెట్టి, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. కష్టం ఎవరికో అక్కడెవరికీ తోచలేదు.

జాబితాలో మొదటి పేరు ఆల్వాదే అయింది. ఆమె మాట కరపత్రాలకెక్కింది: 'ఒక్క ఓటింగూ మానను.' గెలిచింది కూడా.

స్టాక్‌హోమ్‌లో, పార్లమెంటులో మొదటి వారమే సాహ్రా ఎదురైంది. ఆల్వా సంతోషం పట్టలేక ఆమె చేయి పట్టుకుంది. ముంజేతి మీద ఉబ్బిన నరం తగిలింది.

సాహ్రా గొంతు తగ్గించింది. రెండు కిడ్నీలూ పోయాయట. బుధవారం మధ్యాహ్నాలు డయాలిసిస్, ఓటింగూ అప్పుడే. రెండు పక్షాలకూ తేడా ఒక్క ఓటు. తను రాని రోజు అవతలి పక్షం వాళ్లొకరు కూడా మానేస్తే లెక్క సరిపోతుంది, అది ఆ సభలో పాత పద్ధతే. రికార్డులో ఇద్దరికీ గైర్హాజరనే పడుతుంది, కారణం రాయరు.

సాహ్రా గైర్హాజరులు ఆల్వా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

"ఇన్నాళ్లూ మీ పార్టీ ఆయనొకరు నాకోసం మానేసేవారు. ఇప్పుడెవరూ ఒప్పుకోవట్లేదు. మీదీ నా పనే కదా అని అడుగుతున్నాను. కుదరదంటే రాజీనామా చేసి సీటు మావాళ్లలో ఇంకొకరికిస్తాను, ఏమీ అనుకోను."

ఆల్వా సంచిలో కరపత్రాలు ఇంకా మిగిలే ఉన్నాయి.

"ఆయన మరి ఎవరికీ చెప్పలేదేం?" ఎవరని మాత్రం అడగలేకపోయింది.

"నేనే ఒట్టు వేయించుకున్నాను. మీకు చెడ్డపేరు వస్తుందండీ అంటే, 'వస్తే రానీ, సభలో నీలాంటి మనిషి ఒకరుండాలమ్మా' అనేవారు ఏవర్ట్."