పాత సీస

మేఘన కంప్యూటర్ తెర మీద మళ్ళీ అదే గోల.

ఆమె వెతుకుతున్నది సూపర్‌సిమెట్రీ కణం. మనకు తెలిసిన ప్రతి కణానికీ ఒక బరువైన జంట ఉందని, ఆ జంటల్లో అన్నిటికన్నా తేలికైనదే విశ్వమంతా నిండిన కృష్ణపదార్థం కావచ్చని ఒక ఊహ. నాలుగేళ్ళుగా ఒక్కటీ చిక్కలేదు.

చిక్కేదెలా? బయటి రేడియేషన్ ఆపడానికి యంత్రం చుట్టూ పేర్చిన కొత్త లెడ్ ఇటుకలే సన్నగా రేడియేషన్ చిమ్ముతూ తెర మీద ఆ గోల చేస్తున్నాయి. వందేళ్ళ పాత లెడ్ అయితే ఆ పీడ ఉండదు. పది ఇటుకలు చాలు. బెంగళూరంతా గాలించినా దొరకలేదు.

శుక్రవారంలోగా గోల తగ్గకపోతే ప్రయోగం మూసేస్తామని కమిటీ చెప్పేసింది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఒక ముసలాయన.

"పాత సీస ఉండాది మేడమ్. తీసుకుంటారా?"

మేఘనకు ఒళ్ళు మండింది. ఖాళీ సీసాలు అమ్మేవాళ్ళు ల్యాబ్ దాకా వచ్చేస్తున్నారన్నమాట.

"సీసా మాకు అక్కర్లేదు."

"కొత్తది సద్దు చేస్తాది మేడమ్. పాతదయితే గమ్మునుంటాది."

పొద్దున్నే తాగి వచ్చాడనుకుంది.

"ఊరికే ఇస్తాను మేడమ్."

ఆయన మొహం మీదే తలుపు వేసేసింది.

శుక్రవారం కమిటీ ప్రయోగం మూసేసింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఏడవాలో, ఎవరినైనా తిట్టాలో ఆమెకు తెలియలేదు.

సెలవు నుంచి అప్పుడే వచ్చిన స్టోర్స్ నాగరాజు అడిగాడు.

"నారాయణప్ప వచ్చినాడా మేడమ్? నేనే పంపిస్తిని. ఆయప్ప దగ్గర తెల్లోళ్ళ కాలం సీస ఉండాది."

"ఖాళీ సీసాలు నాకెందుకు నాగరాజూ?"

అతను వింతగా చూశాడు.

"బాటిల్ కాదు మేడమ్. కన్నడంలో సీస అంటే లెడ్."

తెలుగులోనూ దాన్ని సీసమే అంటారు. లెడ్, లెడ్ అని అలవాటైన మేఘన చెవికి అది తట్టనే లేదు.

"వెంటనే ఫోన్ చెయ్యి. సోమవారం కమిటీని మళ్ళీ అడుగుతాను."

నాగరాజు మాట్లాడి ఫోన్ పెట్టేశాడు.

"మీరు వద్దన్నారని నిన్ననే చందాపురలో బ్యాటరీలు చేసేవాళ్ళకి ఇచ్చేసినాడంట. కొత్తదాంట్లో కలిపి కరిగించేసినారు మేడమ్."

మేఘన కుర్చీలో కూలబడింది.

"పాతదయితే గమ్మునుంటుందని ఆయనకెలా తెలుసు?"

"కోలారు గనిలో, రెండు కిలోమీటర్ల లోతున, మీలాంటి సైంటిస్టుల మిషన్ల చుట్టూ ఇరవై ఏండ్లు సీస పేర్చింది ఆయప్పే మేడమ్."